వెంటి కట్టిన చెట్టు

"వేరే ఆప్షన్ లేదండీ" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. తొంభైల్లో ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఈ మంట మొదలైంది. బదిలీల కాలం వస్తే మా ఆఫీసు పెద్దాయన నన్ను పిలిచి, ఏదో వరం ఇస్తున్నట్టు, "మీకు ఆప్షన్ ఇస్తున్నామమ్మా. చర్ల వెళ్తారా, దానికి అవతలి ఊరు వెళ్తారా?" అని అడిగాడు. చర్లకు పోయే బస్సు వానాకాలంలో ఏ వాగు దగ్గర ఆగిపోతుందో డ్రైవరుకే తెలియదు. అవతలి ఊరికి ఆ బస్సు కూడా లేదు. "ఈ ఆప్షన్ నాకా సార్, మీకా?" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఈ అమ్మాయికి నోరెక్కువ అన్న మాట మాత్రం నాకంటే ముందే చర్ల చేరింది. చేరనీ. ఆ నోరు నాకు ఊరికే రాలేదు, మామిడితోటలో వచ్చింది.

మాది వేంసూరు దాటాక, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట. నాన్న వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్న వాళ్లు. అమ్మది తల్లాడ దగ్గరి పల్లె. ఒకే గడపలో నాన్న "వాడొచ్చాడు" అంటే అమ్మ "వాడొచ్చిండు" అనేది. నేను ఎవరితో పనిబడితే వాళ్ల మాట మాట్లాడేదాన్ని. నాన్నకు పొగాకు, మిరప అంటే ప్రాణం. అమ్మకు మామిడితోట. ఆ తోట ఉన్నది రాళ్లు తేలిన ఎర్రచెలక. అందులో కందులు కూడా మొలవవని నాన్న వదిలేస్తే, పెళ్లయిన కొత్తలో అమ్మ తన పుట్టింటి వైపు నుంచి మొక్కలు తెప్పించి నాటింది. వాగు నుంచి బిందెలతో నీళ్లు మోసింది. నేను కడుపులో ఉన్నప్పుడు కూడా మోసిందట. "నీకంటె ముందుగాల గవ్వే నా పిల్లలు" అనేది. నేను మూతి ముడిస్తే నవ్వేది.

మా వైపు మామిడితోటను కాయ చూసి కొనరు, పూత చూసి కొంటారు. మాఘమాసంలో షావుకారు వచ్చేవాడు. తోటంతా తిరిగి, పూతను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, బాగున్నా సరే పెదవి విరిచేవాడు. ధర కుదిరాక తమలపాకులో బయానా పెట్టి నాన్న చేతికి ఇచ్చేవాడు. ఆ బయానా తోటకు నీళ్లు మోసిన బిందెల ఖరీదు కూడా చేయదు. తర్వాత మా గడ్డివాములోంచే గుప్పెడు వరిగడ్డి లాగి, చేతుల్లో పేని, వెంటి చేసి, తోట మొదట్లో ఉన్న రసాల చెట్టు మొదలు చుట్టూ కట్టేవాడు. గడ్డి కూడా మాదే, చూశారా!

ఆ గడ్డితాడు కట్టాడంటే తోట ఆయనకు కుదిరిందని అర్థం. ఇంకో బేరగాడు దారిన పోతూ దాన్ని చూస్తే సైకిలు దిగకుండానే వెళ్లిపోతాడు. వెంటి కట్టినవాడే విప్పాలి. తోట గలవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు, కాయ కోయకూడదు. కోస్తే మాట తప్పిన ఇల్లు అంటారు. అలాంటి ఇంటికి పొగాకు కోతకు కూలీలు కూడా రారని బెదిరించేవాళ్లు.

మరి కట్టినవాడు రాకపోతే? దానికి మాత్రం ఊళ్లో ఏ కట్టుబాటూ లేదు. ధర బాగుంటే ఉగాది దాటగానే షావుకారు గంపలతో, కూలీలతో దిగేవాడు. పూతనాటి ధరకే కాయంతా దింపుకుపోయేవాడు. ధర పడిపోతే రాడు. రాలేదేమయ్యా అని అడిగితే, "బయానా వదులుకున్నాంగా" అనేవాడు, మాకేదో దానధర్మం చేసినట్టు. వదులుకున్న సంగతైనా సకాలంలో చెప్పి ఏడవాలి కదా! కాయ రాలి, కుళ్లి, చీమలు పట్టాక ఆ కబురు వచ్చేది.

ఒక ఏడు అలాగే పోయింది. నాన్న గుమ్మం ముందు కూర్చుని, "ఏం చేస్తాం, గత్యంతరం లేదు" అన్నాడు. మరుసటి ఏడూ షావుకారు వచ్చాడు, పూత నలిపాడు, వెంటి కట్టాడు, మళ్లీ మాయమయ్యాడు. ఎండలు ముదిరి చెట్ల కింద కాయ పరుచుకుంది. అడవిపందులు కంచె దూరి తిని పోయాయి. రాలినదాంట్లో పనికొచ్చేది ఏరి అమ్మ ఒరుగులు పెట్టింది, తాండ్ర పోసింది. చాపల మీద తాండ్ర ఆరేస్తూ ఆమె ఏడవడం చూశాను. అమ్మ ఏడుపుకి చప్పుడు ఉండదు, ముక్కు మాత్రం ఎర్రబడుతుంది.

ఆ ఏడాది వానలు పడక ముందే నాన్న ఒక కలప వ్యాపారిని తీసుకొచ్చాడు. ఆయన ఒక్కో చెట్టు చుట్టూ టేపు పెట్టి కొలిచి, మొదలు మీద సున్నంతో బొట్టు పెట్టుకుంటూ వెళ్లాడు. మామిడి కలపతో పెట్టెలు చేస్తారట. ఆ పెట్టెల్లో ఇంకెవరి తోట మామిడికాయలో సర్దుతారట. ఇంతకంటే ఎగతాళి ఉంటుందా!

"వచ్చే ఏడు కూడా కాయ నేలపాలైతే చెట్లు కొట్టించేస్తా. ఆ చెలకలో పొగాకైనా వేసుకోవచ్చు" అన్నాడు నాన్న. ఆయన కోపంగా అనలేదు, అలసిపోయి అన్నాడు. మర్నాటి నుంచి అమ్మ తోటకు వెళ్లినప్పుడల్లా ఆ బొట్ల వైపు చూడకుండా తల దించుకుని నడిచేది. కన్నపిల్లల నుదుట చావుబొట్టు పెట్టినట్టుందని నాతో ఒక్కసారే అంది.

అప్పటికి నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి బీకాం చదువుతున్నాను. ఆ మాఘంలోనూ షావుకారు వెంటి కట్టి వెళ్లాడని ఇంటి నుంచి కబురు వచ్చిన రోజుల్లోనే, క్లాసులో మా సారు సట్టా బజారు గురించి చెప్తున్నాడు. "ధర పెరుగుతుందని నమ్మినవాడు సరుకు కొనడు, కొనే హక్కు కొనుక్కుంటాడు. దానికి ముందే కొంత సొమ్ము ఇస్తాడు. ధర పెరిగితే పాత ధరకే సరుకు తీసుకుంటాడు. పడితే ఊరుకుంటాడు, ఇచ్చిన సొమ్ము పోతుంది. కొన్నవాడికి హక్కు, అమ్మినవాడికి బాధ్యత. మన పాత వ్యాపారులు తేజీ, మందీ అనేవాళ్లు. ఇంగ్లీషులో ఆప్షన్ అంటారు" అన్నాడు.

నాకు పుస్తకం కనబడలేదు, రసాల చెట్టు కనబడింది. చెయ్యెత్తాను.

"సార్, తీసుకుంటాడో లేదో ఎప్పటిలోగా చెప్పాలి?"

"గడువు ఉంటుందమ్మా. గడువు దాటితే హక్కు చచ్చినట్టే. గడువు ఎంత దూరమైతే ముందు ఇచ్చే సొమ్ము అంత ఎక్కువ."

"గడువు పెట్టకపోతే?"

"గడువు లేకుండా ఎవరిస్తారమ్మా? అంత అమాయకుడు బజారులో ఉంటాడా?"

"ఉన్నాడు సార్. మా నాన్న" అన్నాను.

క్లాసంతా గొల్లున నవ్వింది. సారు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బజారులో అందరికీ తెలిసిన మర్యాద మా తోట దాకా రాకుండా ఎవరు ఆపారు? హక్కు అనే మాట షావుకారుకు, బాధ్యత అనే మాట మాకు పంచిపెట్టింది ఎవరు? ఆ సాయంత్రం హాస్టల్లో అన్నం సయించలేదు.

ఉగాది సెలవులకు ఇంటికొస్తూ దారిలో షావుకారు ఊరు రాగానే బస్సు దిగేశాను. ఆయన కొట్టు బస్టాండు పక్కనే. లోపల ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి దోపి చూరు దాకా పేర్చి ఉన్నాయి. అంటే కోతలు మొదలుకాలేదన్నమాట.

"ఏమ్మా, చదువుకునే పిల్లవి, ఈ ఎండలో ఇలా వచ్చావేంటి? కూర్చో. సోడా తాగుతావా?" అన్నాడు.

"సోడా వద్దండీ. తోటకు ఎప్పుడొస్తారు?"

"ధర లేదమ్మా. చూద్దాం."

"చూస్తూ ఉంటే కాయ ఆగదు కదండీ."

"తోట ఎక్కడికి పోతుంది తల్లీ? వెంటి ఉందిగా."

"వెంటి ఉంది. మీరే లేరు" అన్నాను. "ఎప్పటిలోగా వస్తారో ఒక రోజు చెప్పండి. రాకపోతే మేం కోసుకుంటాం."

ఆయన పగలబడి నవ్వాడు. "మీ నాన్నను చెప్పమనమ్మా. ఆయన పెద్దమనిషి. ఆయన చెప్పని మాట నాకు మాట కాదు" అన్నాడు. బస్సెక్కాక కూడా ఆ నవ్వు నా చెవుల్లోనే ఉంది. ఛీ, మంచితనాన్ని ఇలా కూడా వాడుకుంటారా అనిపించింది.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. ఆప్షన్ అంటే ఏమిటో, గడువంటే ఏమిటో, సారు బోర్డు మీద రాసినట్టే చెప్పాను. అమ్మ చింతపండు పిసుకుతూ విన్నది.

"గడువు లేని మాట ఉంటదా బిడ్డా? తోడేసిన పాలకు సుత గడువుంటది" అంది. పిప్పి పిండి పారేసి, "నవమి దాక చూద్దాం. నవమి దాటితె గాలిదుమారాలు మొదలైతయి. ఆడికి రాకుంటె నా చెట్లు నేను చూసుకుంట. షావుకారుకు గీ మాట చెప్పి పంపియ్యి" అంది.

మా ఊరి మీదుగా పోయే బస్సు కండక్టరుతో కబురు పంపాం. సరేనన్నాడని గానీ, కాదన్నాడని గానీ జవాబు రాలేదు. సంగతి తెలిసి నాన్న చిన్నబోయాడు.

"పైనుంచి వచ్చి బతుకుతున్న వాళ్లం. ఇక్కడ మన మాటే మన ఆస్తి. వెంటి ఉన్న తోటలో చెయ్యి పెడితే రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు.

"ఆస్తి చెట్ల మీద ఉన్నదయ్యా. రాలినంక మాట ఒక్కటే మిగుల్తది" అంది అమ్మ.

నవమికి ఇక రెండు రోజులుందనగా పొద్దున్నే అమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపి, చిక్కం కట్టిన పొడుగు కర్ర భుజాన వేసుకుని బయల్దేరింది. ఆ చిక్కంలో పడితే కాయ దెబ్బ తినకుండా దిగుతుంది. కల్యాణానికి వచ్చే జనానికి అమ్మాలంటే నవమి నాడు సరుకు భద్రాచలంలో ఉండాలి, అందుకు అప్పుడే కోయాలి. రెండు రోజుల్లో వచ్చేవాడైతే షావుకారు ఈపాటికి గంపలైనా పంపేవాడు. నేను బుట్టలతో వెనక నడిచాను. తోట మొదట్లో, వెంటి కట్టిన రసాల చెట్టు దగ్గర అమ్మ ఆగింది. అది గుత్తులు గుత్తులుగా కాసి ఉంది. తోటంతటికీ ముందు కాసేది, బాగా కాసేది అదే. వెంటి లాగి పారేస్తుందనుకున్నాను.

అమ్మ ఆ చెట్టును దాటుకుని రెండో చెట్టు కిందికి వెళ్లింది.

"గది ఆయనది. ముట్టొద్దు" అంది.

"అదొక్కటే ఏంటమ్మా? వెంటి కడితే తోటంతా ఆయనదే అంటారుగా?"

"వెంటి ఏ చెట్టుకున్నది?"

"దానికి."

"మరి గా చెట్టే ఆయనది. కిందవడ్డ కాయ సుత ఏరకు. తక్కినయి నావి."

నాకు నవ్వాగలేదు. అమ్మ నవ్వలేదు. చిక్కం పైకెత్తి మొదటి కాయ దింపింది. దాన్ని బుట్టలో వేసి రెండో కాయకు చిక్కం ఎత్తింది.

ఎండెక్కే వేళకు నాన్న వచ్చాడు. కంచె అవతలే నిలబడి, "ఏం చేస్తున్నారు మీరు?" అన్నాడు.

"నీ మాట నిలబెడుతున్న. సూడు, వెంటి అట్లనే ఉన్నది" అంది అమ్మ, చెట్టు మీద నుంచి చూపు తిప్పకుండా.

నాన్న చాలాసేపు అక్కడే ఉన్నాడు. లోపలికి రాలేదు, ఆపనూ లేదు. ఆ రోజు అన్నానికి ఇంటికి రాలేదు. ఊళ్లో ఎవరింట్లో తిన్నాడో, అసలు తిన్నాడో లేదో.

కూలీలెవరూ రారని ముందే తెలుసు. ఇద్దరమే కోశాం. మా ఊరి మీదుగా వెదురు లారీలు అడవికి ఖాళీగా పోయేవి. ఒక డ్రైవరును ఆపి అడిగితే, "ఖాళీగ పోయేదానికి కిరాయేందక్కా? ఆవకాయకు ఓ గంప పడెయ్యి, మా ఇంటిది ఖుషీ అయితది" అన్నాడు. లారీ వెనక కాయల మీద గోనెలు కప్పి, వాటి మీద మేమిద్దరం కూర్చుని నవమికి భద్రాచలం చేరాం.

కల్యాణం చూడడానికి వచ్చిన జనం గోదారి మెట్ల నుంచి గుడి దాకా కిటకిటలాడుతున్నారు. చలువ పందిళ్ల కింద పానకం పోస్తున్నారు. దారి పక్కన గోనె పరిచి కాయ పోసుకుని కూర్చున్నాం. అమ్మ జీవితంలో ఎప్పుడూ ఏదీ అమ్మలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. జనం మమ్మల్ని దాటుకుని పోతున్నారు. ఇక నేనే లేచి, కొడవలితో ఒక కాయ చీరి, ఉప్పూకారం అద్ది, "పుల్లటి కాయ! రాములోరి పెళ్లికి వచ్చి పుల్లకాయ తినకపోతే ఎట్లా!" అని అరిచాను. పక్క పందిట్లో ముసలాయన పానకం గ్లాసు పట్టుకునే ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వి, ఆయనే మొదటి బేరం చేశాడు. నా నోరు లోకానికి పనికొచ్చిన మొదటి రోజు అది. మధ్యాహ్నానికి అమ్మ కూడా చెంగు తీసి నడుముకు చుట్టుకుని, "ఇగో ఇటు రాండ్రి, ఇటు" అనడం మొదలుపెట్టింది.

తర్వాత నేను పరీక్షల కోసం ఖమ్మం వెళ్లి వచ్చాను. ఆ రోజుల్లో అమ్మ ఒక్కతే కోసింది, ఒక్కతే లారీ ఎక్కింది. నేను తిరిగొచ్చాక మళ్లీ ఇద్దరం. కాయ కొంచెం కొంచెం కోస్తూ, చర్ల దారిలో వారం వారం జరిగే సంతలకు తీసుకుపోయేవాళ్లం. అడవి పల్లెల ఆడవాళ్లు ఇప్పపువ్వు, చింతపండు, కుంకుళ్లు తెచ్చేవాళ్లు. వాళ్లలో వాళ్లు కోయభాషలో మాట్లాడుకుని, మాతో తెలుగులో బేరమాడేవాళ్లు. ఒక ముసలావిడ ప్రతి సంతకూ మా పక్కనే కూర్చునేది. మా వెంటి కథ విని పొగాకు చుట్ట నోట్లోంచి తీసింది.

"మీకు గడ్డితాడన్న కడతరు. మా చింతచెట్లకు గది సుత లేదు. సేటు వేలు చూపెట్టి పోతడు. గంతే" అంది. అంత కోపమూ ఆవిడ నవ్వుతూనే చెప్పింది. "నువ్వు మంచిగ చేసినవ్ చెల్లే" అని అమ్మ భుజం తట్టింది. ఆ తట్టుడు తర్వాత అమ్మ నడకే మారిపోయింది.

చైత్రం చివర్లో గాలిదుమారం వచ్చింది. పెద్ద తోటల్లో కాయ నేల రాలింది. మా తోటలో అప్పటికే సగానికి పైగా కోసేశాం కాబట్టి కొమ్మలు తేలికై నిలబడ్డాయి. ఊళ్లో కాయ తక్కువై ధర లేచింది. ధర లేచిందంటే ఎవరు లేస్తారో చెప్పాలా? వైశాఖంలో ఒక పొద్దున షావుకారు వ్యాను వేసుకుని, కూలీలతో, గంపలతో దిగాడు. తోటంతా ఆకులు తప్ప కాయ లేదు. మొదట్లో మాత్రం రసాల చెట్టు, మొదలుకు వెంటితో, పసుపెక్కిన కాయలతో నిలబడి ఉంది. చెట్టు కింద కాయలు పగిలి కుళ్లి ఈగలు ముసురుతున్నాయి.

ఆయన తిన్నగా వెళ్లి ఊరి పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. నాన్నకూ కబురు పెట్టారు. షావుకారు తెచ్చిన ఖాళీ గంపల్నే బోర్లించి అందరూ కూర్చున్నారు. అమ్మా నేనూ నిలబడ్డాం.

"బయానా తీసుకుని, వెంటి ఉండగా తోట దోచేశారు. ఇదేం న్యాయం?" అన్నాడు షావుకారు.

"నీ చెట్టు నీకున్నది షావుకారూ. ఒక్క కాయ ముట్టలే. రాలినయి సుత ఏరలే. దింపుకో" అంది అమ్మ.

పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "గదేందమ్మా? ఒక్క చెట్టుకు కడితె తోటంతకు కట్టినట్టని అందరికి ఎరుకే గద."

"అట్లనా? మరి ఆయన రాక తోటంత రాలిపోయినప్పుడు, గా నష్టం ఎవరిదో ఎందుకు ఎవరికి ఎరుకలేదు?" అమ్మ గొంతు పెరిగింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "రెండేండ్లు పందులకు పెట్టిన. అప్పుడు ఒక్కరు గంప బోర్లేసి కూసోలె గిట్ల."

"బయానా తిన్నారు కదా?" అన్నాడు షావుకారు.

"తినలే. ఆగినందుకు తీసుకున్నం. మాఘం నుంచి నవమి ముంగటి దాక ఆగిన. నవమికి రమ్మని కబురు పంపిన. నువ్వు జవాబే ఇయ్యలే, అంతకు ముందు నా బిడ్డ అడిగితె నవ్వినవట."

"బజారులో ఎక్కడైనా గడువు ఉంటుందండీ. గడువు లేని హక్కు ఎవరికీ ఉండదు. కావాలంటే మా కాలేజీకొచ్చి కనుక్కోండి" అన్నాను నేను. పెద్దమనిషి నా వైపు చూసి, "నువ్వాగు పిల్లా" అన్నాడు. ఆగలేదు. "ఆగి ఆగే ఇంతదాకా వచ్చింది" అన్నాను.

ఆయనకు చిరాకొచ్చింది. మమ్మల్నిద్దర్నీ వదిలేసి నాన్న వైపు తిరిగాడు. "ఆడోళ్ల మాట పక్కన పెట్టుండ్రి. ఏమయ్యా, ఇంటి పెద్దవు నువ్వు. నువ్వు చెప్పు. తప్పా, ఒప్పా?"

అందరూ నాన్న వైపే చూశారు. షావుకారు ముఖంలో కొట్లో చూసిన నవ్వే మళ్లీ కనిపించింది. నాన్న గనక తప్పు అంటే చెట్లు పోయినట్టే. తప్పు చేసిన తోటను ఆయన ఉంచడు. అమ్మ నాన్న వైపు చూడలేదు, నేల చూపులు చూస్తోంది.

నాన్న నెమ్మదిగా లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి, మేం తాగడానికి తెచ్చుకున్న కుండలో ముంచాడు. వెంటి లేని రెండో చెట్టు దగ్గరకు వెళ్లి గొంతుక్కూర్చుని, మొదలు మీద కలపాయన పెట్టిన సున్నపు బొట్టును రుద్దడం మొదలుపెట్టాడు. ఏడాది కిందటి సున్నం. బెరడు పగుళ్లలో దిగిపోయింది, త్వరగా రాలేదు. ఒక రాయి తీసుకుని గీకాడు, మళ్లీ తడితువ్వాలుతో రుద్దాడు.

"ఏంటండీ ఇది? ఏదో చెప్తారంటే..." అన్నాడు షావుకారు.

"చెప్తున్నా కదండీ" అన్నాడు నాన్న, తల తిప్పకుండానే.

అది పోయాక మూడో చెట్టు దగ్గరకు వెళ్లాడు. తర్వాత ఇంకో చెట్టు, ఆ తర్వాత ఇంకొకటి. అమ్మ ముక్కు ఎర్రబడింది. కుండ ఎత్తుకుని ఆయన వెనకే వెళ్లి నీళ్లు పోయడం మొదలుపెట్టింది. పెద్దమనిషి కాసేపు చూసి, లేచి, గంప కాలితో పక్కకు నెట్టి వెళ్లిపోయాడు. వరస అయ్యాక నాన్న వెనక్కి వచ్చి రసాల చెట్టు ముందు ఆగాడు. దాని మొదలు చుట్టూ వెంటి, వెంటి కింద సున్నపు బొట్టు.

"ఇది మీ చెట్టు. దీని బొట్టు మీరే తుడుచుకోండి" అని షావుకారుతో అని తువ్వాలు పిండుకున్నాడు.

షావుకారు ఆ ఒక్క చెట్టు కాయే దింపించుకుని వెళ్లాడు. బొట్టు తుడవలేదు. సాయంత్రం నేను తుడిచాను. నాన్న నోటితో ఒప్పు అని ఏనాడూ అనలేదు. నాకు ఆ మాటతో పని లేకపోయింది.

మరుసటి మాఘంలో షావుకారు మళ్లీ రానే వచ్చాడు. పూత అంత బాగుంది మరి. ఈసారి బయానా నాన్న చేతికి ఇవ్వబోతే, నాన్న అమ్మ వైపు చూపించాడు. అమ్మ తీసుకుని, "ఇన్నే ఇచ్చినవ్. ఆగుడు ఎక్కువైతె బయానా ఎక్కువ" అని ఇంకొంత పెట్టించుకుంది. "కట్టుకో వెంటి. కానీ చెట్టు చెట్టుకూ కట్టు. గడ్డి నీది తెచ్చుకో. నవమి పొద్దుగూకే దాకనే నీది" అంది. షావుకారు చొక్కా చెమటతో తడిసేలా చెట్టు చెట్టు తిరిగి కట్టాడు. అమ్మ వెనకే తిరిగింది. మూలన ఒక జలాల మామిడి చెట్టు మర్చిపోయాడు. ఆయన వ్యాను ఎక్కేదాకా ఆగి, "గది నాది" అంది.

నాకు ఆప్షన్ అనే మాటకు అర్థం చెప్పిన పుస్తకాలు తర్వాత చాలా చదివాను. ఆఫీసులో ఆ మాట రోజూ విన్నాను. ఎదుటివాడి ముందు రెండు దారులు పెట్టి, రెండూ తనకే అనుకూలంగా ఉంచుకున్నవాడు కూడా దాన్ని ఆప్షన్ అనే అంటాడు. "వేరే ఆప్షన్ లేదు" అని నా దగ్గర ఎవరైనా అంటే మాత్రం, ముందు వెంటి ఏ చెట్టుకుందో చూసి రమ్మంటాను.

అమ్మ గడువు పెట్టిన ఆ నవమికి షావుకారు రాలేదు. ధర పడింది. పొద్దుగూకే వేళ అమ్మ తోటకు బయల్దేరితే నాన్న కూడా వెంట నడిచాడు. నేనూ వెళ్లాను. అమ్మ ఒక్కో చెట్టు దగ్గర వంగి, వెంట్లన్నీ విప్పి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి బర్రె ముందు పడేసింది. అది ఆవురావురుమని నమలసాగింది.

నాన్నకు ఎంతైనా బెరుకు పోలేదు. "రేపు షావుకారు వచ్చి నా వెంటి ఏదని అడిగితేనో?" అన్నాడు.

అమ్మ బర్రె వీపు నిమిరింది.

"దీన్నడగమను" అంది.